తలుపు బయట జాజిరి

మూడు చలికాలాలుగా అడుగుతున్నాను, దోహాలోని మా తెలుగు సంఘం నుంచి ఒక్క జవాబు లేదు. సినిమా పాటలకు సాయంత్రమంతా ఇస్తారు. చలి పోయే హోలీ రోజుల్లో కోలలు కొడుతూ ఇల్లిల్లూ తిరిగి పాడే మా జగిత్యాల జాజిరికి మాత్రం పది నిమిషాలు ఇవ్వరు.

మొన్న అల్ వక్రా మెట్రోలో కోపంతో కూర్చోలేక, నిలబడి కడ్డీ మీద వేళ్ళతో ఆ దరువే వేస్తున్నాను. పక్కనున్న వేల్స్ దేశపు టీచర్ ఒకాయన "ఏం పాట?" అని అడిగాడు. చెప్పాను.

"మా ఊళ్ళోనూ నడి చలికాలంలో తిరుగుతారు," అన్నాడు. "గుర్రం పుర్రెను కర్రకు గుచ్చి, తెల్లదుప్పటి కప్పి, తలుపు ముందు పాటతో ఎగతాళి చేస్తారు. క్రైస్తవం రాకముందటి ఆచారమంటారు. లోపలివాళ్ళు పాటతోనే తిప్పికొట్టాలి. ఓడితే పిలిచి తిండి పెట్టాలి."

"లోపలివాళ్ళు అసలు పలకకపోతే?"

ఆయనకు నా ప్రశ్నే వింతగా తోచింది. "పలకకపోవడమేమిటి? తిడతారు గానీ, ఊరుకుంటారా!"

ఈలోగా నా స్టేషన్ దాటిపోయింది. వెనక్కి వచ్చి, నేరుగా ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా సంఘం కార్యదర్శి లక్ష్మణన్న తలుపు ముందు జాజిరి ఎత్తుకున్నాను. లోపల టీవీ శబ్దం పెరిగింది. ఎదురింటి హైదరాబాదీ పెద్దాయన తొంగిచూసి, "క్యా భాయ్, గింత చలిల హోలీ వచ్చిందా?" అని నవ్వాడు. ఆయనైనా పలికాడు.

లక్ష్మణన్నా, శుక్రవారం మళ్ళీ వస్తున్నాను. ఇస్తాననో, ఇవ్వననో, పాటలో తిట్టో, ఏదైనా సరే. ఈసారి నోరు విప్పి చెప్పు.