బండి ఓనరు పేరు

మా ఇంట్లో మోపెడ్ కొన్నది ఎనభైల మొదట్లో. కొన్నారు అనడం కంటే నేను ఏడ్చి సాధించాను అనడమే సరి. నెల్లూరు నించి మద్రాసు చూలైకి కోడలిగా వచ్చి అప్పటికి మూడేళ్ళు. అయనావరం దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. పొద్దున్నే ఆ బస్సు ఎక్కడం నా వల్ల అయ్యేది కాదు. ఒకరోజు ఒక చెప్పు బస్సులో, రెండో చెప్పు రోడ్డు మీద మిగిలాయి. నేను రెండో చెప్పుతోనే మిగిలిపోయాను. ఇంకో నెల ఇట్లాగే ఆలస్యంగా వస్తే ఉద్యోగం ఉండదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

మా మామయ్యకి చూలైలోనే ఇనుపకొట్టు. మేకులు, గొళ్ళేలు, తలుపు బందులు, తాళాలు. మనిషి మంచివాడే గానీ ఆయనకి పోలీసులంటే మహా బెరుకు. భయం అంటే ఒప్పుకునేవారు కాదు, మర్యాద అనేవారు. బండి తన పేరునే కొన్నారు. కొన్న రోజే నన్ను నిలబెట్టి చెప్పారు.

"చూడమ్మా, ఇంతవరకు ఈ గడపలో పోలీసు మాట వినపళ్ళా. ఈ బండి వల్ల ఒక్క మాట వచ్చినా సరే, ఆ పొద్దే అమ్మేస్తా. అంతే."

మా ఆయన పక్కనే ఉండి, "నాయన చెప్పింది కరెక్టే" అన్నారు. ఆయనకి ఇంట్లో ఆ ఒక్క వాక్యం చాలు, ఏ విషయానికైనా సరిపోయేది. బండి ఆర్సీ బుక్కు బయట తిరిగితే పోతుందని మామయ్య బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. అంటే బండి నా దగ్గర, దాని కాగితాలు మొలతాడు దగ్గర.

ఇక మా అత్త. ఇంట్లో, వీధిలో, రేషన్ కార్డులో అందరికీ చిన్నమ్మి. అరవై దగ్గర పడుతున్నా చిన్నమ్మే. మామయ్య మాత్రం "ఏమ్మే" అనేవారు. సన్నటి మనిషి, నోరు మాత్రం సన్నం కాదు. రోజూ పొద్దున బండిని తుడిచి, హెడ్‌లైటుకి కుంకుమ పెట్టేది గానీ దాని మీద ఎక్కమంటే ఎక్కేది కాదు.

భర్త పేరు నోటితో పలకని మనుషుల్ని నేను నెల్లూరులోనూ చూశాను. అత్త సంగతి వేరు. మామయ్యది ఏడుకొండల సామి పేరు. ఆ సామి పేరు కూడా అత్త పలికేది కాదు. తిరుపతికి పోతున్నా "కొండకి పోతా ఉండాం" అనేది. శనివారం భజనలో ఆ పేరు వచ్చే చోట నోరు గట్టిగా మూసుకుని తాళం మాత్రం వేసేది. డిగ్రీ చదివిన కోడల్ని కదా, నేను లోపల్లోపల తెగ నవ్వుకునేదాన్ని. కానీ ఆమె ముందర నేనూ ఒక్కసారి మామయ్య పేరు పలికింది లేదు.

ఒక శనివారం ఆఫీసు ఒంటిపూటే. ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో రిక్షావాడితో బేరమాడుతోంది. పురసవాక్కంలో కొన్న చీరకి అంచు దగ్గర నేత తప్పింది, ఆ రోజే మార్చుకోవాలి. రిక్షావాడు దిగిరాలేదు. అత్త వాడిని చూసింది, నన్ను చూసింది, ఆఖరికి బండిని చూసింది.

"అమ్మీ, దీని మీద ఇద్దురు పోవచ్చునా?"

పోకూడదు. నాకు అప్పటికి ఉన్నది లెర్నర్ లైసెన్సు. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదని నాకు బాగా తెలుసు. అయినా మూడు నెలలుగా ఎక్కని అత్త తనంతట తాను అడిగింది. ఆ గర్వంలో, "దా అత్తా" అన్నాను.

పక్కకి కూర్చుని, ఒక చేత్తో చీర సంచీ, ఇంకో చేత్తో నా నడుం పట్టుకుంది. పట్టుకుంది అనకూడదు, పిండింది. పురసవాక్కం దాకా బాగానే పోయాం. అక్కడ అత్తకి ధైర్యం వచ్చింది. "ఈ సందులో తిప్పు, దగ్గర" అంది. తిప్పాను. ఆ సందు వన్‌వే. అత్త నలభై ఏళ్ళుగా అందులో నడుస్తోంది. నడిచేవాళ్ళకి వన్‌వే గొడవ ఏముంది? బోర్డు చూసుకోవలసింది నేను.

చెరుకురసం బండి వెనక నించి తెల్లచొక్కా ట్రాఫిక్ ఎస్సై వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టి, "నిరుత్తు, నిరుత్తు" అన్నాడు. ఆపాను. లైసెన్సు అడిగాడు. ఇచ్చాను. దాన్ని చూసి, వెనకున్న అత్తని చూశాడు. ఆర్సీ బుక్కు అడిగాడు. ఇంట్లో బీరువాలో ఉందన్నాను. ఆయన నెమ్మదిగా మూడు వేళ్ళు మడిచాడు. వన్‌వే ఒకటి, లెర్నర్ లైసెన్సు మీద మనిషిని ఎక్కించుకోవడం రెండు, కాగితాలు లేకపోవడం మూడు.

నా భయం జరిమానా గురించి కాదు. ఇది ఇంటికి తెలిస్తే బండి పోతుంది, బండి పోతే ఉద్యోగం పోతుంది. నాకు వచ్చిన అరవంలో ప్రాధేయపడ్డాను. ఆయన కాసేపు భరించి, "తెలుగులోనే చెప్పమ్మా, మాది గుడియాత్తం" అన్నాడు. నా అరవం అంత బాధపెట్టిందన్నమాట.

చీటీల పుస్తకం తీసి మొదటి ప్రశ్న వేశాడు. "బండి ఎవురి పేరులో ఉండాది?"

నేను నోరు తెరిచాను. నడుం మీద గిల్లు పడింది. అత్త దిగి ముందుకొచ్చింది.

"మా ఇంటాయన పేరులో."

"సెరి. పేరు చెప్పండి."

అత్త చీర సంచీ ఇంకో చేతికి మార్చుకుంది.

"మీ ఇంటాయన పేరు మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? తెలుసు. చెప్పకూడదు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, చదువుకున్నదానివి."

"మామ పేరు కోడలు యాడన్నా చెప్తుందా?" అని అత్తే జవాబిచ్చింది. ఒంటరిగా ఉంటే చెప్పేసేదాన్నే. ఆమె అంత గట్టిగా నా తరఫున జవాబిచ్చాక ఎట్లా చెప్పేది? ఎస్సై పెన్ను నా చేతిలో పెట్టి, రాయమన్నాడు. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"నోటితో చెప్పకూడనిది చేత్తో చెప్పచ్చునా?"

ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నాడు. అత్తకి జాలి వేసినట్టుంది. "కొండ మీద ఉండాడే" అంది.

"ఎవురు, మీ ఇంటాయనా?"

"సామి. ఏడుకొండల సామి. ఆ పేరే."

ఎస్సై హమ్మయ్య అనుకుని ఆ సామి పేరు ఒకటి అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది. ఇంకొకటి అన్నాడు. అదీ కాదు. ఆ సామికి పేర్లు తక్కువా? చెరుకురసం ఆయన మిషను ఆపి రెండు పేర్లు చెప్పాడు. పూలమ్మే ఆవిడ దండ కట్టడం ఆపి మూడు చెప్పింది. సందులో పోయేవాళ్ళు ఆగి, విషయం కనుక్కుని, తలా ఒకటి అందించారు. మధ్యలో ఎవరో గోవిందా అన్నారు. పూలావిడ చేతులు జోడించింది. పట్టపగలు పురసవాక్కం నడివీధిలో నామపారాయణం జరుగుతోంది, నా లెర్నర్ లైసెన్సు ఎస్సై చేతిలో ఉంది.

ఒక్కసారి అత్త తల వంచుకుని సిగ్గుగా నవ్వింది. ఎవరో సరైన పేరు చెప్పేశారు. కానీ అప్పుడు నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఏది? ఏది చెప్పినప్పుడు నవ్వినారు?" అని ఎస్సై అడిగాడు. అది ఆమె ఎట్లా చెబుతుంది?

ఎదురుగా ఒక ఎడ్లబండి, రెండు ఆటోలు, ఒక వ్యాను ఆగిపోయి హారన్లు మొదలుపెట్టాయి. ఎస్సై ఓపిక అయిపోయింది. "వద్దు తల్లీ, ఆయన పేరు వద్దు. ఈ బండి మీదేనా, కాదా?"

"నాదే. దినామూ తుడిచేది ఎవురు?"

"అయితే ఓనరు మీరే. మీ పేరన్నా చెప్తారా, అదీ చెప్పకూడదా?"

అత్త ఆ పుస్తకం వైపు, పెన్ను వైపు చూసింది. తర్వాత పుట్టింటి ఇంటిపేరుతో సహా ఒక పేరు నిదానంగా చెప్పింది. ఎస్సై సరిగా వినలేదు. ఈసారి వీధంతా వినపడేట్టు చెప్పింది. నేను జన్మలో వినని పేరు. చిన్నమ్మి అని చెప్పకుండా పోలీసుకే అబద్ధం పేరు రాయించిందే అని నాకు ఒళ్ళు పులకరించింది.

ఎస్సై అరవంలో రాసి, చీటీ చింపి, నాకు వినపడేట్టు చెప్పాడు. "వన్‌వే నేను చూళ్ళా. వెనకాల ఎవురూ కూర్చోలా. కాగితాలు మాత్రం లేవు. మూడు దినాల్లో బుక్కు తెచ్చి చూపిస్తే అదీ లేదు. లేకపోతే ఫైను. మా అమ్మా ఇంతే, ఓటు వెయ్యను పోయి మా నాయన పేరు చెప్పలేక తిరిగొచ్చింది." తర్వాత అత్త వైపు తిరిగి, "మీరు మాత్రం నడిచి పోవాల" అన్నాడు.

చీర మార్చుకుని, బండి తోసుకుంటూ ఇంటికి నడిచాం. దారిలో, "భలే పేరు అల్లినావు అత్తా" అన్నాను. ఆమె నవ్వలేదు. చీటీ అడిగి తీసుకుంది. అరవం చదవడం రాదు ఆమెకి. "ఏడ రాసినాడు?" అంది. చూపించాను. వేలు పెట్టి కాసేపు చూసి, మడిచి రవికెలో పెట్టుకుంది.

మూడు దినాల్లో బుక్కు చూపించాలి. బుక్కు బీరువాలో, తాళంచెవి మొలతాడుకి. ఆదివారమంతా ఆలోచించాను. మామయ్య స్నానానికి పోయినప్పుడు కూడా మొలతాడు విప్పరు. తాళాలమ్మే మనిషి బీరువా, పగలగొట్టడం కుదరదు. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి, కడుపునొప్పి అని పడుకున్నాను. నిజంగానే నొప్పి వచ్చింది.

మధ్యాహ్నం మామయ్య, మా ఆయన కొట్టు నించి భోజనానికి వచ్చారు. అత్త మజ్జిగ దాకా వడ్డించి, రవికెలోంచి చీటీ తీసి మామయ్య కంచం పక్కన పెట్టింది.

"ఏందిది?"

"పోలీసాయన ఇచ్చినాడు. బండి బుక్కు చూపించాలంట."

నేను వంటింటి తలుపు వెనక్కి చేరాను. బండికి నీళ్ళొదులుకోవడమే అనుకున్నాను. మామయ్య ఎడమచేత్తో కళ్ళద్దాలు పెట్టుకుని, ఏ కాగితమైనా చదివినట్టే, పైకి చదవడం మొదలుపెట్టారు. తేదీ చదివారు. బండి నెంబరు చదివారు. ఓనరు పేరు దగ్గర ఆగిపోయారు.

"ఇది మా అమ్మ పేరు."

చీటీని వెలుగులోకి పట్టుకుని ఇంకోసారి చదివారు.

"మా అమ్మ పొయ్యి ఇరవై ఏండ్లు. ఆమెకి పోలీసోడు చీటీ ఎట్లా ఇచ్చినాడు?"

"నాయన చెప్పింది కరెక్టే" అన్నారు మా ఆయన. ఆ రోజు ఆ మాటలో కొంచెం నిజంగానే భయం ఉంది.

అత్త మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "మీ అమ్మ పేరూ అదే. నా పేరూ అదే. మా నాయన పెట్టినాడు."

అప్పుడు చెప్పింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు అత్తాకోడళ్ళది ఒకే పేరని తెలిసింది. కొడుకు తల్లి పేరుతో పెళ్ళాన్ని ఎట్లా పిలుస్తాడు? ఆ పేరు పెట్టి కోడల్ని ఎట్లా తిడతారు? ఇంట్లో పెద్దది ఉంది కాబట్టి ఈమె చిన్నమ్మి అని పెళ్ళినాడే తేల్చేశారు. రేషన్ కార్డువాళ్ళు వచ్చినా అదే రాయించారు. పెద్దది పోయి ఇరవై ఏళ్ళయినా చిన్నమ్మి చిన్నమ్మిగానే ఉండిపోయింది.

మామయ్య చీటీ వైపే చూస్తున్నారు. "అనుకుంటా ఉంటే... అవును. పెండ్లి పత్రికలో ఉండె. నేను మర్చేపోయినా" అన్నారు. కళ్ళద్దాలు తీసి, "ఇన్నేండ్లలో ఒక్కసారన్నా చెప్పలేదే నువ్వు" అన్నారు.

"ఎవురూ అడగలా. ఆయన అడిగినాడు, చెప్పినా."

మామయ్య చెయ్యి కడుక్కుని వచ్చారు. బండి సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "అయినా పోలీసు దాకా పోయింది గదా, బండి..." అని మొదలుపెట్టారు.

"అమ్మాలంటే ఓనరు ఒప్పుకోవాల. ఓనరెవురో చదివినారు గదా" అని అత్త కంచాలు తీసింది.

మామయ్య మొలతాడు తడుముకుని, బీరువా తెరిచి, బుక్కు తెచ్చారు. నాకు ఇవ్వలేదు. అత్త చేతికి ఇచ్చారు. ఆ బండి మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉంది, నా ఉద్యోగమూ నిలబడింది.

తలుపు వెనక నించున్నదాన్ని అప్పుడు సంతోషంతో ఎగరాలి. బండి దక్కినందుకు సంతోషపడ్డాను కూడా. కానీ నాకు సిగ్గేసింది. మొగుడి పేరు పలకదని మూడేళ్ళు ఆమెని చూసి నవ్వుకున్నాను, మూడేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాను, రేషన్ కార్డులో చిన్నమ్మి అని చూసి అదే పేరనుకుని ఊరుకున్నాను. ఎవురూ అడగలా అని ఆమె అన్నప్పుడు మామయ్య వైపు చూసే అంది గానీ, ఆ ఎవురూలో నేనూ ఉన్నాను.