చెయ్యెత్తితే పారిపోయే కుక్క

కుక్కకు ఆట నేర్పడమే నా తప్పని ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పటికీ అంటున్నారట. అననీ. నేను ఒప్పుకోను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరైనా ఆ మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సర్జాపుర రోడ్డు వెంబడి అపార్ట్‌మెంట్లు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. మేము చేరేటప్పటికి మా బిల్డింగుకు ప్రహరీ లేదు, గేటు లేదు, లిఫ్టు గుంతలో వాన నీళ్ళు నిలిచి ఉండేవి. కట్టిన కూలీలు పాలమూరు వైపు వాళ్ళు. పని అయిపోగానే రేకుల గుడిసెలు విప్పుకుని ఇంకో సైటుకు వెళ్ళిపోయారు. వాళ్ళ కుక్క మాత్రం ఇక్కడే ఉండిపోయింది. గోధుమరంగు ఆడకుక్క, ఒక చెవి సగం చిరిగి ఉండేది. బిల్డింగులో వాళ్ళు బిస్కెట్ చూపించి "కమ్, కమ్" అంటే వాళ్ళ మొహం కూడా చూసేది కాదు. కన్నడంలో "బా" అన్నా అంతే. ఒక సాయంత్రం నేను మెట్ల మీద కూర్చుని, మా అమ్మ పెరట్లో దూడను పిలిచినట్టు "దా, దా" అన్నాను. చటుక్కున చెవులు నిక్కబొడుచుకుంది. తెలుగు కుక్క! ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, స్కూల్లో ఇంగ్లిషు మాట్లాడుకుంటూ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నాకు అది చుట్టంలా అనిపించింది. పేరేమీ పెట్టలేదు. "దా" అంటే వచ్చేది, అది చాలు.

నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే పక్కనున్న ఖాళీ సైటులో దానితో కాసేపు గడపడం అలవాటైంది. ఒకరోజు సరదాగా ఒక బంతి కొనుక్కొచ్చి, విసరడానికి చెయ్యెత్తాను. అంతే. తోక కాళ్ళ మధ్య ముడుచుకుని పరుగో పరుగు. సిమెంటు పైపుల వెనక దాక్కుని, ఎంత పిలిచినా రాలేదు. అప్పుడు అర్థమైంది. అది పుట్టినప్పటి నుంచి దాని ముందు ఎవరు చెయ్యెత్తినా ఆ చేతిలోంచి రాయే వచ్చింది. స్కేలు తీస్తే చాలు కళ్ళు మూసుకునే పిల్లలను నేను క్లాసులో చూశాను. వాళ్ళను అలా చేసిన వాళ్ళ మీద ఎంత కోపం వచ్చేదో ఆ పూట అంత కోపం వచ్చింది. ఎలాగైనా ఆ భయం వదిలించి తీరాలని పంతం పట్టాను.

బంతి దానికి పట్టలేదు. దానికి కావలసింది ఇంకోటి ఉంది. కూలీలు వదిలేసిన చెత్తలో నీలం పట్టీల హవాయి చెప్పుల జత ఒకటి దొరికింది, మడమ దగ్గర అరిగి చిల్లు పడినవి. కుక్క వాటి మీద తల పెట్టుకుని పడుకునేది. తన వాళ్ళ వాసన కదా. ఒక చెప్పు ఆటకు తీసుకున్నాను. అది కొరికేస్తే పనికొస్తుందని రెండోది ఇంట్లో దాచాను. మొదట నేల మీద చతికిలబడి చెప్పును దొర్లించేదాన్ని. తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత నిలబడి నడుము ఎత్తు నుంచి. అది నోట కరుచుకుని తెచ్చిస్తే చపాతీ ముక్క పెట్టేదాన్ని.

మా ఆయన బాల్కనీలోంచి చూసి నవ్వేవాడు. "కుక్క తోక వంకరని ఊరికే అన్లేదు మే. నీ టైమంతా దండగ" అనేవాడు.

"తోక జోలికి నేను పోలేదు. నేను చూసుకునేది దాని భయం" అనేదాన్ని.

వానాకాలం మొత్తం పట్టింది. దసరా సెలవుల్లో ఒక సాయంత్రం భుజం మీది నుంచి చెయ్యి పూర్తిగా ఎత్తాను. అది నేలకు కరుచుకుపోయి కళ్ళు గట్టిగా మూసుకుంది. కానీ పారిపోలేదు. చెప్పు దూరంగా పడిన చప్పుడుకు కళ్ళు తెరిచింది, నా వంక చూసింది, పరుగెత్తి తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. సంతోషం పట్టలేకపోయాను. ఆ తర్వాత నుంచి నేను చెయ్యెత్తితే చాలు, తోక ఊపేది.

అసోసియేషన్ సెక్రటరీ రెండో అంతస్తులో ఉండేవాడు. మన తెలుగాయనే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాఫీ కప్పుతో బాల్కనీలో నిలబడి మా ఆట చూసేవాడు. "సూపర్‌గా ట్రైన్ చేశారు మేడం" అని మెచ్చుకునేవాడు కూడా. గేటు లేని రోజుల్లో, రాత్రుళ్ళు పైపులు ఎత్తుకుపోయే వాళ్ళను ఆ కుక్కే మొరిగి తరిమితే, "మన సెక్యూరిటీ ఇదేనండీ" అని అందరికీ చూపించింది ఈయనే. ప్రహరీ లేచింది, గేటు పెట్టారు, యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ వచ్చాడు. ఏరు దాటాక తెప్ప తగలేయాలి కదా, "అపార్ట్‌మెంట్‌లో స్ట్రీట్ డాగ్ ఏంటండీ, లుక్ బాగుండదు" అనడం మొదలుపెట్టాడు.

ఇంతలో ఆయన ఇంట్లో సత్యనారాయణ వ్రతం వచ్చింది. పేరంటానికి వచ్చిన వాళ్ళంతా మనవాళ్ళే కాబట్టి చెప్పులన్నీ గుమ్మం బయట కుప్పగా వదిలి లోపలికి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. లోపల మేము కథ వింటున్నాము. బయట కుక్కకు ఒకేసారి అన్ని చెప్పులు కనిపించాయి. చెప్పు ఎవరికి తెచ్చివ్వాలో దానికి బాగా తెలుసు. ప్రసాదం పుచ్చుకుని బయటికి వస్తే ప్రతి జతలోనూ ఒక్కో చెప్పే ఉంది. పట్టుచీరలు ఎత్తిపట్టుకుని, ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని అందరూ మెట్లు దిగి వెతకసాగారు. వాటి జతలన్నీ కింద మా గుమ్మం ముందు వరుసగా ఉన్నాయి. వాటి పక్కన కుక్క కూర్చుని చపాతీ కోసం చూస్తోంది. నాకు నవ్వాగలేదు. వచ్చిన ఆడవాళ్ళలో సగం మంది పగలబడి నవ్వారు. సెక్రటరీ మాత్రం నవ్వలేదు.

"గెస్టుల ముందు పరువు తీశారు. దాన్ని పంపించేయండి మేడం" అన్నాడు.

"అది ఎవురినన్నా కరిసిందాప్పా? సెప్పులే కదా, ఒక్కటీ పోలేదు, అన్నీ ఈడే ఉండాయి" అన్నాను.

"నేను హ్యాండిల్ చేస్తాలెండి" అని వెళ్ళిపోయాడు.

ఎలా హ్యాండిల్ చేశాడో నాకు కింది వాటాలో ఉండే పెద్దావిడ చెప్పింది. ఆ రోజు నేను స్కూల్లో ఉన్నాను. సాయంత్రం వచ్చి "దా" అంటే రాలేదు. ఆవిడ తలుపు తీసి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మధ్యాన్నం ఎవురో వ్యాను తెచ్చినారమ్మా. వల పట్టుకోని పోతే అది సిక్కలేదు, పైపుల సందులో దూరేసింది. వాళ్ళు ఇంగ పొయ్యేవాళ్ళే. అప్పుడు ఆ సెక్రటరీ ఆయప్ప నీ వాకిట్లో ఉండే నీలం సెప్పు తీసుకోని పోయినాడు. సెయ్యెత్తి చూపించి వ్యాను లోపలికి ఇసిరినాడు. అది తోక ఆడిస్తా బయటికొచ్చి, తనకు తానే ఎగిరి లోపలికి దూకింది తల్లీ. తలుపు ఏసేసినారు."

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, ఆ రోజు నాకు తెలిసింది. వల నుంచి తప్పించుకున్న కుక్కను, రాళ్ళ దెబ్బలు తిని బతికిన కుక్కను, దాని నమ్మకంతో పట్టించాడు. నేను నేర్పకపోతే అది బతికేదని అన్నారు తర్వాత. చెయ్యెత్తితే పారిపోయే తెలివి నేనే పోగొట్టానట! మోసం చేసినవాడిది తప్పు కాదు, నమ్మకం నేర్పినదానిది తప్పు. ఎక్కడి న్యాయమిది?

ఊరవతల అత్తిబెలె దాటి ఎక్కడో వదిలారని తెలిసింది. మా ఆయన స్కూటరు తీశాడు. దారి పొడుగునా, లారీల మోతలో, "దా, దా" అని గొంతు పోయేదాకా పిలిచాను. చాలా కుక్కలు నన్ను చూశాయి, ఏదీ రాలేదు. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన, "పోనీలే మే, ఎవురో ఒకరు అన్నం పెడతారులే" అన్నాడు.

ఆదివారం పార్కింగులో అసోసియేషన్ మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అందరూ కూర్చున్నారు. సెక్రటరీ నిలబడి నీళ్ళ ట్యాంకర్ల గురించి మాట్లాడుతున్నాడు. దాచిపెట్టిన రెండో చెప్పు తీసుకుని నేను వెళ్ళాను. ఎదురుగా నిలబడి చెయ్యి పూర్తిగా ఎత్తాను. మనవాళ్ళలో చెప్పు ఎత్తితే దాని అర్థం ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కుర్చీలు వెనక్కి జరిగాయి. ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, ముడుచుకుపోయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దసరా సెలవుల్లో నేను చెయ్యి పూర్తిగా ఎత్తిన రోజు కుక్క కూడా ఇలాగే ముడుచుకుపోయింది.

నేను కొట్టలేదు. చెప్పును ఆయన కాళ్ళ ముందు పడేశాను.

"కండ్లు తెరువప్పా. దీని జత ఆ వ్యానులో ఉండాది. పోయి తే" అన్నాను.

ఆయన ఆ చెప్పు వంక చూస్తూ నిలబడ్డాడు తప్ప కదల్లేదు. అడిగితే తెచ్చిచ్చేది ఆ బిల్డింగులో ఒక్కటే ఉండేది. దాన్ని వాళ్ళు పంపించేశారు.