సాగే గుడ్డ

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ పనికి చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సేద్యం నావల్ల కాదని పామిడిలో నాయనతో పంతం పట్టి, కటింగ్ కోర్సు చదివి వచ్చాను. ఆ యూనిట్లో సర్టిఫికెట్టు ఉన్నది నాకొక్కడికే. ఆ రోజుల్లో నా కాళ్లు నేల మీద ఉండేవి కావు.

కటింగ్ మాస్టరు అరవై దాటిన పెద్దాయన. గుడ్డ తానును విప్పి బల్ల మీద పొరలుగా పరిచాక వెంటనే కోసేవాడు కాదు. అరచేత్తో నిమిరి, టీ అంగడికి పోయేవాడు. ఒళ్లు వంగక వేసే వేషాలనుకునేవాణ్ణి.

ఒకరోజు బళ్ళారి నుంచి, లాగితే రబ్బరులా సాగే జీన్సు గుడ్డ వచ్చింది. మా యూనిట్లో అదే మొదలు. ఇద్దరం బల్ల నిండా పరిచాం. మాస్టరు నిమిరి చూశాడు.

"ఈ గుడ్డ సంగతి నాకు తెల్దప్పా. రేపటిదాకా ముట్టుకోవద్దు," అని కణేకల్లో బంధువుల పెళ్లికి వెళ్లిపోయాడు.

తెలీదని ఒప్పుకునే మాస్టరును చూసి నాకు జాలేసింది. మధ్యాహ్నం భోజనాలలోపే మొత్తం కోసేశాను. ఓనరు భుజం తట్టాడు కూడా.

లాగి పరిచిన గుడ్డ కాసేపు వదిలేస్తే తన కొలతకు తాను వస్తుంది. నేను రానివ్వలేదు. కుట్టి, ఉతికించి తెచ్చాక చూస్తే ప్రతి ప్యాంటూ చీలమండ పైకి లేచింది, నడుము బిగిసింది. ఓనరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు. నాయన ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు.

ఓనరు మాస్టరును పిలిపించాడు. "ఏమన్నా, తప్పెవరిది?"

"వానిదే. నేను చెప్పింది ఇనలేదు," అన్నాడు మాస్టరు, తడుముకోకుండా. నా పని అయిపోయిందనుకున్నాను.

"తీసేస్తే తీసెయ్ అప్పా. కానీ ఆ గుడ్డ ఎంత ముడుచుకుంటాదో నాకు తెల్దు, నీకూ తెల్దు. చెడగొట్టి తెలుసుకున్నోడు ఈడ వాడొక్కడే. కొత్తోన్ని తెస్తే వాడూ ఇంగోసారి చెడగొట్టి నేర్చుకోవల్ల."

ఓనరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మాస్టరు నా పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఏ ప్యాంటు ఎంత ముడుచుకుందో ఒక్కొక్కటీ కొలిచి చెప్పు, నేను రాసుకుంటా. నాకూ తెలియల్ల గదా," అన్నాడు.

టేపు పట్టుకున్నాను. సిగ్గుతో తలెత్తకుండానే మొదటి కొలత చెప్పాను.