తాగడని చెప్పిన ఆరు వారాలు

పోయిన సోమవారం పొద్దున చిన్నాన్న చనిపోయాడని ఫోను వచ్చింది. మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. కదిరి దగ్గర మా ఊళ్లో వేరుశనగ విత్తే గొర్రు పట్టుకుంటే సాలు వంకర పోనిచ్చేవాడు కాదు. కాయలు ఒలిచి ముందు ఎదుటివాళ్ల చేతిలో పోసి, ఆ తర్వాతే తను తినేవాడు. "తినప్పా, ఊరికే చూస్తావేమి?" అనేవాడు.

బోర్లు ఎండిపోయాక ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. డాక్టరు మనసుకు మాత్రలు రాశాడు. తాగుడు మాత్రం చిన్నాన్న తనంతట తానే మొదలుపెట్టాడు.

రెండువేల ఒకటిలో బండి మీంచి పడి తుంటి ఎముక విరిగింది. అనంతపురం ఆసుపత్రిలో చేర్చాం. "తాగుతాడా? మాత్రలేమైనా వాడతాడా?" అని డాక్టరు అడిగాడు.

"మా ఇంట్లో అట్లాంటివి లేవు సార్" అన్నాడు నాన్న.

ఆయన సర్పంచికి నిలబడిన ఏడాది అది. తమ్ముడు తాగుబోతు, పిచ్చోడు అని పేరొస్తే పరువు పోతుందట. ఛీ, ఏం పరువు! మాత్రల చీటీ నా జేబులోనే ఉంది. నేనూ తలూపాను.

తాగుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి మూడోరోజు చిన్నాన్న చేతులు వణికాయి. "చేన్లో పడతాండాయి మేకలు! తోలండప్పా!" అని పైకప్పు చూసి అరిచాడు. గుడ్డపేలికలతో మంచానికి కట్టేశారు. ఆపరేషన్ వాయిదా పడింది. అప్పుడు కూడా నాన్న "జొరం సార్" అనే అన్నాడు. వారానికి గానీ నేను డాక్టరుకు చీటీ చూపించి తాగుడు సంగతి చెప్పలేదు.

"మొదటిరోజే చెప్పుంటే ముందే మందులిచ్చేవాళ్లం కదయ్యా" అన్నాడాయన.

పక్క మంచం బెళుగుప్ప రైతుకూ అదే ఎముక. పన్నెండో రోజు ఇంటికి పోయాడు. చిన్నాన్న ఆరు వారాలున్నాడు. వీపు పుండ్లు పడింది, కాలు కురచైంది, గొర్రు మళ్లీ పట్టలేదు. నన్ను తిట్టలేదు. ఒకసారి మాత్రం, "కాలు ఇరిగిందని ఊరంతా చెప్పుకున్నారు. మిగిలింది చెప్పేదానికి నోరు రాలేదా అప్పా?" అన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తోంది.

చివరికి కాలేయం చెడి చనిపోయాడు. పలకరింపుకు వచ్చినవాళ్లందరికీ నాన్న "గుండెపోటు" అని చెబుతున్నాడు. నేను పక్కనే కూర్చుని వింటున్నాను. పిన్నమ్మ లోపల్నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"గుండెపోటు కాదు బావా. మతి బాగలేక తాగినాడు, తాగి పోయినాడు. ఆ పొద్దు నిజం చెప్పింటే కాలన్నా దక్కేది."

ఆ మాట నేను అనాల్సింది. అంతలో ఎవరో కొత్తగా వచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తూ, "ఎట్ల పోయినాడప్పా?" అని అడిగారు.

కండువా నోటికి అడ్డం పెట్టుకుని నాన్న నా వైపు చూశాడు.