రెండు దీపాల కాపలా

చీపురుపల్లిలో నేను అద్దెకున్న గది కింద తాళ్ల దుకాణం ఉంది. వాన కురిస్తే తడిసిన కొబ్బరితాడు వాసన మెట్లెక్కి వస్తుంది. నిన్న అలా వచ్చినప్పుడు, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది, డైరీలో కూడా రాయనిది ఒకటి రాయాలనిపించింది. మా చినతాత పడవ ఒడ్డుకేసి జారిపోతుంటే, చూస్తూ కూడా నేను కాసేపు నోరు మెదపలేదు.

చినతాత అంటే మా తాతకు తమ్ముడు, ఎర్రయ్య. భావనపాడులో అందరూ ఇంజను బోట్లకు మారినా తెరచాపను వదలని మనిషి. నేను డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన ఒక చలికాలం, పడవ పలకలు మార్పించడానికి కళింగపట్నం దగ్గరి వడ్రంగి వద్దకు బయల్దేరాడు. తోడు వెళ్లాల్సిన నాన్నకు జ్వరం. నేను వస్తానన్నాను. ఏదైనా అంత గట్టిగా అడగడం నాకదే మొదలు. పక్కింటి అప్పాయమ్మత్త ఒడ్డున నిలబడి నవ్వింది.

"ఏటి మావా, దీన్నా తీసుకెల్తన్నావు? నీటిలో పడిపోయినా పడిపోనానని సెప్పదు!"

"మాటాడనోల్లే బాగా సూస్తారే," అని చినతాత నాకు చెయ్యందించాడు.

పగలంతా గాలి వెనకనుంచి తోసింది. పొద్దుగూకేసరికి పడిపోయింది. కెరటాలు విరిగే చోటికి ఎడంగా లంగరు వేసి, ఒడ్డు వెంబడి దూరంగా కనిపిస్తున్న రెండు దీపాలు చూపించాడు. ముందొకటి, దాని వెనక సెల్ టవరు ఎర్రదీపం. "రెండూ ఒకే గీతలో ఉన్నంతసేపూ మనం ఉన్నసోటే ఉన్నట్టు. ఇడిపోనాయంటే లంగరు జారతన్నాది. అప్పుడు గట్టిగా అరువు, నేను లెగుస్తాను. ఆ నురగలోకి ఎల్లామంటే నావ ముక్కలైపోతాది." ఆ మాట చెప్పి, తలకింద చెయ్యి పెట్టుకుని వాలాడు.

కాసేపటికే దీపాలు విడిపోయాయి. అరిచాను. చినతాత లేచి చూసి, పడవ ఊగేలా నవ్వాడు. "ఒసే, నడిసింది మనం కాదే, సేపల లారీ! దాని దీపాన్ని గుర్తెట్టుకున్నాం. తప్పు నాదే." ఈసారి లారీదానికి బదులు ఐసు ఫేక్టరీ దీపం చూపించి మళ్లీ వాలాడు. తప్పు తనదేనన్నా, సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అందుకే, గాలి మళ్లి సముద్రం మీదినుంచి ఒడ్డుకేసి వీస్తూ, ఎర్రదీపం మెల్లగా పక్కకు జరిగినప్పుడు నేను పలకలేదు. పడవ ఊగుతోందిలే అనుకున్నాను. దీపాల మధ్య చీకటి బెత్తెడైంది. నురగ చప్పుడు దగ్గరైంది. నవ్వితే నవ్వనీ అనుకునేసరికి గొంతు చీలిపోయేలా అరిచాను. "తాతా, జారిపోతన్నాం!"

ఆయన దీపాలవైపు చూడనైనా లేదు. తెడ్డు నా చేతిలో పెట్టి లంగరుతాడు అందుకున్నాడు. ఆయన లాగుతుంటే, నేను అరచేతులు బొబ్బలెక్కేలా సముద్రం లోపలికి తెడ్డు వేశాను. లోతులో మళ్లీ లంగరు దింపి, ఈసారి తాడు చాలా పొడుగ్గా వదిలాడు. "ఇందాక తక్కువిడిసినాను. ఇన్నేల్లొచ్చినా బుద్ధి నేదు నాకు," అని తనను తానే తిట్టుకున్నాడు. అంతటి మనిషి, పంతొమ్మిదేళ్ల పిల్ల ముందు! నా తప్పు మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు వడ్రంగితో ఆయన మొదట చెప్పింది పలకల గురించి కాదు, నా గొంతు గురించి. "మీరు ఇనలేదు గానీ, ఒడ్డంతా లెగిసిపోనాది!" తల దించుకున్నా, నాకు నేను ఒక జానెడు పెరిగినట్టనిపించింది.

ఇప్పుడు నేను బడిలో పాఠాలు చెబుతున్నాను. నిన్న తప్పు జవాబు చెప్పిన పిల్లనే ఇవాళ ముందుగా పిలుస్తాను. ఏ శిక్షణలోనూ ఇది నాకు చెప్పలేదు. చినతాత దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం. ఆ రాత్రి లంగరు పట్టుకున్నాక, ఇక కాపలా ఆయనదేననుకుని నేను పక్కకు జరిగాను. ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

"ఎక్కడికే? దీపాలు నువ్వే సూడు. పదిసార్లు తప్పుగా అరిసినా, పదిసార్లూ లెగుస్తాను."