మస్కట్ బదిలీ

మా ఫ్యాక్టరీ వాళ్ళు నన్ను మస్కట్‌కు బదిలీ చేస్తామన్నారు. జీతం మాత్రం ఇక్కడికంటే రెండు వందలే ఎక్కువ. ఆ రెండు వందల కోసం సముద్రం దాటాలా వద్దా అని ఆలోచిస్తూ జహీరాబాద్ బస్టాండులో కూర్చున్నాను. ఇంట్లో మా ఆవిడకు ఏడో నెల.

పక్కన తాడు కట్టిన సూట్‌కేసుతో ఒకాయన ఉన్నాడు. న్యాల్‌కల్ మనిషి. సెలవైపోయి మస్కట్‌కే తిరిగి పోతున్నాడట.

"తక్కువ జీతానికి పోవచ్చా భాయ్? ఆడ ఒంటెల మేతకయ్యే ఖర్చుకన్న మనకు జర ఎక్కువ ఇస్తరా?" అన్నాను.

"నేను గూడ తక్కువకే ఒప్పుకున్న తమ్మీ. రెండేండ్లల్ల వస్తననుకున్న, నాలుగైనయ్. పోయేటప్పుడు నా బిడ్డ తొట్లెల ఉండె. నాకు రాయరాదు, గందుకే మాటలు క్యాసెట్ల నింపి పంపేటోన్ని. మొన్న ఇంటికొస్తే మా అమ్మ నా బిడ్డను 'మీ అబ్బా ఏడే, మీ నాయిన ఏడే' అని అడిగింది. పోరి ఉరికిపోయి టేప్ రికార్డర్ తెచ్చి నా ఒళ్ల పెట్టింది."

నేను పగలబడి నవ్వాను. "బ్యాటరీలు మంచిగున్నయా భాయ్?" అని కూడా అన్నాను.

ఆయన నవ్వలేదు. బొంబాయి బస్సు వస్తే సూట్‌కేసు ఎత్తుకున్నాడు. "ఇంట్ల నెల రోజులున్న. ఇయ్యాల బయలెల్లుతుంటె పోరి నన్ను 'సలాం చాచా' అన్నది" అని చెప్పి బస్సెక్కాడు.

బదిలీకి నేను ఒప్పుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు జీతం తక్కువని చెప్పాను. అసలు సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. నేనేం చెప్పినా నవ్వే మా ఆవిడ, దీనికీ నవ్వేస్తుందేమోనని భయం.