తల ఊపితే మిక్సీ

ఆ రోజుల్లో మా ఇంట్లో చౌకగా దొరికేది ఒక్క కోపమే. సబ్బు పిరం, నూనె పిరం, పేపరు వేయించుకోవడం పిరం, అసలు మా నాయిన నోట్లోంచి వచ్చే మొదటి మాటే పిరం. కోపానికి మాత్రం కరువు లేదు. నాయినకు కరెంటోళ్ల మీద కోపం, అమ్మకు నాయిన మీద కోపం, నాకు రోలు మీద కోపం. చిన్ననాటి సంగతులు చెప్పేవాళ్లకు ముందు నవ్వు వస్తుందంటారు. నాకు ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. నవ్వు దాని వెనక కాళ్లీడ్చుకుంటూ ఆలస్యంగా వస్తుంది.

మా నాయినకు అత్వెల్లిలో రోడ్డు పక్కన మోటార్ల వైండింగు షాపు ఉండేది, షాపు వెనకే మా ఇల్లు. చుట్టుపక్కల ఏ పొలంలో బోరు మోటారు కాలినా అది ట్రాక్టరెక్కి మా షాపుకే వచ్చేది. నాయిన పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిషు పూసి, ఎండబెట్టి, దాన్ని మళ్లీ తిరిగేలా చేసేవాడు. అట్లా ఊరందరి మోటార్లూ తిరిగేవి, మా ఇంట్లో మాత్రం నా చెయ్యి తిరిగేది. దోశల పిండికి నేనే, గారెల పప్పుకు నేనే, తొక్కు నూరడానికి నేనే. అమ్మకు భుజం నొప్పి పట్టుకున్నప్పటి నుంచి రోలు నాకు రాసిచ్చేశారు. నేనప్పుడు కండ్లకోయ దగ్గర కాలేజీలో ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ బస్సులో నా పక్కన కూర్చునే పిల్ల నా చేతుల వెల్లుల్లి వాసనకు ముక్కు మూసుకుని "ఇయ్యాల గూడ ఎల్లిగడ్డ తొక్కేనా?" అనేది. అది అడగడం కాదు, బస్సంతా వినేటట్టు చాటింపు వేయడం. ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడినా పలకరించను.

మిక్సీ కొందామంటే నాయిన దగ్గర జవాబు తయారుగా ఉండేది. "మిక్సీల మోటరు ఎంతుంటదే? పిడికెడు. కరెంటు జర కిందిమీదైతే కాలిపోతది. గీ రోలు కాలంగ సూసినవా ఎన్నడన్న?" మోటార్లు కాలితేనే మాకు అన్నం దొరికేది కాబట్టి ఆ విషయంలో ఆయన మాట కాదనడానికి లేదు. (ఇతరుల మోటారు కాలితే బతుకుదెరువు, మన మోటారు కాలితే నష్టం, ఇదీ ఆయన అర్థశాస్త్రం.) నాకు ఒళ్లు మండిపోయేది. "డాక్టరు ఇంట్ల మందులుండయా నాయినా?" అని నేనంటే, "ఉంటయ్, రోగమొస్తె" అనేవాడు.

ఇక్కడ అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ నాయిన పేరు పలికేది కాదు. మా దిక్కు ఆ తరం ఆడవాళ్లు చాలామంది మొగుడి పేరు పలకరు, కానీ మా అమ్మది మరీ పట్టుదల. పిలవాలంటే "ఇగో", వినకపోతే "ఇంటున్నవా", కోపమొస్తే "ఓ పెద్దమనిషీ". ఎవరైనా ఇంటికొచ్చి షాపాయన పేరేమిటని అడిగితే రోడ్డు దాకా నడిచి వెళ్లి బోర్డు చూపించేది. నాయిన పేరే ఉన్న దేవుడు ఒకాయన ఉన్నాడు, ఆయనకు కూడా "ఆ సామి" అని మొక్కేదే తప్ప పేరెత్తేది కాదు. దవాఖానలోనైనా, ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఎవరొచ్చినా, "మీ నాయిన పేరు చెప్పు బిడ్డా" అని నన్ను ముందుకు తోసేది. మాటలొచ్చిన నాటి నుంచి అమ్మ తరఫున ఆ పేరు చెప్పే ఉద్యోగం నాదే, జీతం మాత్రం లేదు.

మా వెనక కొత్తగా పడ్డ కాలనీలో కాకినాడ నుంచి వచ్చిన ఒక ఉద్యోగస్తుల కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను మేం కూపన్ల ఆంటీ అనేవాళ్లం. సబ్బుపొడి డబ్బా మీది ముక్కైనా, చాయ్‌పత్తా పొట్లం మీది మూలైనా ఆమె కత్తెర నుంచి తప్పించుకునేది కాదు. చాయ్‌పత్తాతో ఊరికే ఇవ్వాల్సిన చెంచాను పీకి దాచుకునే కిరాణం సేటు, ఆమె దూరంగా కనిపిస్తేనే చెంచా తీసి బల్ల మీద పెట్టేవాడు. పెద్ద రోడ్డు మీద అద్దాల సూపర్‌మార్కెట్ తెరుస్తున్నారని ఆటోకు మైకు కట్టి ఊరూరా అరిచారు. తెరిచిన మర్నాడే ఆంటీ ఒక కొత్త మిక్సీనీ, ఒక రంగుల కాగితాన్నీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. కాగితంలో ఇట్లా ఉంది: పెద్ద మొత్తంలో సరుకులు కొంటే ఒక కూపన్. ఒక కూపనుకు సబ్బుపెట్టె ఊరికే. రెండు కూపన్లు తెస్తే మిక్సీ సగం ధరకు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఒక కుటుంబానికి ఒక్కటే కూపన్.

"మరి రెండెట్ల వస్తయి ఆంటీ?" అన్నాను.

"రెండు కుటుంబాలు కలిసి ఒక మిక్సీ కొనుక్కోవాలని వాళ్ల ఉద్దేశం కాబోలమ్మాయ్. పొద్దున్న నేనూ, సాయంత్రం మీరూనా? చోద్యం కాకపోతే. మా వారినో లైనులో నిలబెట్టి, నేనింకో లైనులో నిలబడ్డాను. భర్త పేరడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేశాను. ఆ పేరుగల మనిషి ఎక్కడో అక్కడ ఉండే ఉంటాడు కదా."

సగం అన్న మాట చెవిన పడగానే నాయిన చేతిలో తీగచుట్ట కింద పెట్టాడు. అన్నేళ్లుగా మిక్సీలో ఆయన ఎంచిన తప్పులన్నీ సగం ధర దగ్గర మాఫీ అయిపోయాయి. "రెండు నెల్ల సరుకు ఒక్కపారే తెద్దాం, ఎట్లయిన తినేటిదే గదా" అన్నాడు. మిగతా ఏర్పాటంతా నాది. నాయిన ఒక లైను, అమ్మా నేనూ ఇంకో లైను. లోపల మేమెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో మాకు తెలియదు. "పేరు సంగతి నేను సూస్కుంట" అని అమ్మకు చెప్పాను. ఎప్పుడూ చూసుకునేది నేనే కాబట్టి ఆమె ఇంకేం అడగలేదు. (ఎవరి పేరు చెప్పబోతున్నానో నేనూ విప్పి చెప్పలేదు.)

ఆదివారం షేరాటో ఎక్కగానే నాయిన నాటకం మొదలుపెట్టి డ్రైవరు పక్కన కూర్చున్నాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అమ్మకు నటించే అవసరం రాలేదు, ముందురోజు నుంచే ఆయనతో మాటలు లేవు. (కారణం గుర్తులేదు. మా ఇంట్లో కారణాలు దొరకడం ఏమంత కష్టం కాదు.) దిగాక నాయిన అలవాటు కొద్దీ ముగ్గురి కిరాయీ తనే ఇచ్చి, నాలుక కరుచుకుని, "మా ఊరోళ్లే, పాపం" అని డ్రైవరుకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. డ్రైవరు అసలు అడగనే లేదు. అద్దాల తలుపు తెరుచుకుని చల్లగాలి మొహానికి కొట్టేసరికి, నాయిన గుడికి వచ్చినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు.

ఆయన పక్క లైనులో తొందరగా బయటపడ్డాడు. కూపన్ చేతబట్టుకుని, మిక్సీ పెట్టెల దగ్గర నిలబడి, మోటారు గురించి అట్ట మీద ఏం అచ్చేశారో చదువుతున్నాడు. మాకు బిల్లయ్యాక కూపన్ల బల్ల దగ్గరికి వెళ్లాం. బల్ల వెనక టై కట్టుకుని ఒకతను కూర్చున్నాడు.

"మీ భర్త పేరు చెప్పండి మేడం."

నేను ముందుకు దూరి, నోటికి ఏది దొరికితే ఆ పేరు చెప్పాను. (అది మా కాలేజీ బస్సు డ్రైవరు పేరని తర్వాత గుర్తొచ్చింది.) అమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు, మామూలుగా దాని వెనక చీపురుకట్ట వచ్చేది. టై ఆయన రాసుకుని, తలెత్తి "అంతేనా మేడం?" అన్నాడు.

తల ఊపితే చాలు. నోరు విప్పే పనే లేదు. గడ్డం కొంచెం కిందికి దించి పైకెత్తితే మిక్సీ మాది. అమ్మ తల కదల్లేదు. కొంగు పట్టి లాగాను, మోచేత్తో పొడిచాను, "ఊపే అమ్మా" అని పళ్ల సందుల్లోంచి అన్నాను. ఊహూఁ. రుబ్బిన పిండీ, బస్సులో పడ్డ మాటలూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అసలు పేరు పలకనంటే పలకకు, ఎవరిదో పేరుకు తల ఊపడానికేం పోయిందని నాకు మహా కోపం వచ్చింది.

"మీ ఆయన పేరు మీకు తెలీదా మేడం?" అన్నాడు టై ఆయన, లైనంతా వినేటట్టు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మొగడెవరో మర్సిపోయినట్టుంది" అని ఇంకెవరో అన్నారు.

ఆ మాటతో నాయిన పెట్టెలు వదిలేసి వచ్చాడు. "ఓ సారూ, మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు చెప్పరు. పిల్ల చెప్పింది గదా, రాస్కోరాదు?"

"మీరెవరండీ? ఈమె మీకేమవుతుంది?"

నాయిన చేతిలో కూపన్ చూసుకున్నాడు. మిక్సీ పెట్టెల వైపు చూశాడు. నా వైపు చూశాడు, నేను కళ్లతోనే బతిమాలాను.

"ఎవ్వరు గాదు. ఊరామె" అన్నాడు.

అమ్మ చేతిలో సంచి కింద పెట్టింది. "ఎవ్వరు గానా?" అంది. గొంతు పెద్దగా లేదు. ఆమె అరిస్తే మాకు భయం లేదు, మెల్లగా మాట్లాడితేనే భయం. "వార్నిష్ కంపు గొట్టే అంగీలు ఉతికినప్పుడు గూడ ఎవ్వరు గానా?" ఆ తర్వాత టై ఆయన వైపు తిరిగింది. "పేరు గావాల్నంటివి గదా, రాస్కో. గీయన నా మొగడు. గా పిల్ల గీయన బిడ్డ. గీయన పేరు..."

చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం మింగకుండా చెప్పింది. ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు. నాయినకూ అదే మొదలని ఆయన మొహం చూస్తే తెలిసింది. నోరు కొంచెం తెరుచుకుని, షాపులో షాక్ కొట్టినప్పుడు నిలబడినట్టు నిలబడిపోయాడు. టై ఆయనకు ఇవేవీ పట్టలేదు. "అయితే ఒకటే కుటుంబం" అని లెక్క తేల్చి, నాయిన చేతిలో కూపన్ తీసుకుని, ఒక సబ్బుపెట్టె పెట్టాడు. దానికి మూత సరిగ్గా పట్టలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ పట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే సీటులో కూర్చున్నాం. నేను ఏడుస్తూనే అమ్మను తిట్టాను. "నీకేంది, రుబ్బేది నేను గదా. జర తల ఊపితే ఏం పోయేది?" అన్నాను.

"రుబ్బితె చేతులు నొస్తయి, నొయ్యనీ. మిక్సీ కోసం ఇంకొకని పెండ్లాన్ని గమ్మంటవా?" అంది అమ్మ. నాకు ఇంకా కోపం వచ్చింది.

నాయిన అత్వెల్లిలో దిగి కాలు కింద పెట్టాక, కంకర గుచ్చుకుని అప్పుడు చూసుకున్నాడు, చెప్పులు లేవు. అవి ఆ అద్దాల తలుపు బయటే ఉండిపోయాయి. చిన్న బోల్టు కనబడకపోతే షాపంతా తిరగేసే మనిషి, మా ఇద్దరినీ వరసగా తిట్టి తిరుగు ఆటో ఎక్కుతాడనుకున్నాను. ఆయన కాళ్ల వైపు చూసుకున్నాడు, అమ్మ వైపు చూశాడు, ఎండకు కాలిన రోడ్డు మీద కుంటుకుంటూ ఇంటికి నడిచాడు.

మర్నాటి నుంచి అమ్మ నన్ను రోలు ముట్టనివ్వలేదు. నొప్పి భుజంతోనే పొత్రం తిప్పేది. పంతానికి తిప్పేది, షాపులోకి వినబడేటట్టు తిప్పేది. గోడ అవతల కూపన్ల ఆంటీ మిక్సీ బుర్రుమనేది, ఇవతల మా రోలు గరగరమనేది, మధ్యలో నాయిన తీగ చుడుతూ చుట్లు లెక్క తప్పేవాడు. వారం తిరక్కముందే మేడ్చల్ బజారుకు పోయి ఒక మిక్సీ తెచ్చాడు. సేల్ లేదు, కూపన్ లేదు, పూర్తి ధర. మా ఇంటి చరిత్రలో అట్లాంటి కొనుగోలు అంతకుముందు జరగలేదు. తెచ్చీ తేవడంతోనే దాని మోటారు విప్పి, "తీగ సన్నగుంది, దొంగలు" అని సణిగి, మళ్లీ బిగించి వంటింట్లో పెట్టాడు.

అమ్మ దాని మూత తీసి, లోపలికి తొంగిచూసి, మళ్లీ పెట్టింది. "ఇగో, గిది యాడ నొక్కాలె?" అంది.

నాయిన వెంటనే చూపించలేదు. ఆమె "ఇగో" కాక ఇంకేదో అంటుందేమోనని కొంచెంసేపు ఆగాడు. ఆమె అనలేదు, ఆయన చూపించాడు. కొన్నాళ్లకు నన్ను షాపులోకి పిలిచి, చేతిలో పని ఆపకుండానే, "మీ అమ్మ మల్ల ఎన్నడన్న అన్నదా?" అని అడిగాడు. "ఏంది నాయినా?" అంటే, "ఏం లే, పోయి సదువుకో" అన్నాడు.

ఆయన పేరు నేనిక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. మా అమ్మ సగం ధర మిక్సీని వదులుకుని పలికిన పేరు, నేను ఊరికే పంచిపెట్టదలుచుకోలేదు. ఆ టై ఆయన మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. ఇప్పుడు అంగడంతా ఫోన్‌లోకి వచ్చింది, ఒక నంబరుకు ఒకటే ఆఫర్ అంటారు. నేను నా నంబరు అయ్యాక మా ఆయన నంబరు, తర్వాత మా వాడి నంబరు కొట్టి ఆ ఆఫరేదో లాగుతాను. అవసరమైతే ఎవరి పేరు చెప్పి ఆయన భార్యవేనా అని అడిగినా నిస్సిగ్గుగా తల ఊపుతాను. మా ఆయన్ని పొద్దున లేచింది మొదలు పేరు పెట్టే పిలుస్తాను, టీవీ తగ్గించమని, గ్యాసు కట్టేయమని, పాలపాకెట్లు తెమ్మని. ఆయన "ఊఁ" అంటాడు, అన్నీ సర్దుకుని బయలుదేరతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పులు మరిచిపోలేదు.